ముక్కు తీగ

కాదు వదినా, నువ్వే చెప్పు. టీబీ దగ్గు వార్డులో ఇరవై ఎనిమిదేళ్ళు నర్సు పిల్లలకి పాఠం చెప్పినదాన్ని, కుర్చీ ఎక్కడ వేసుకోవాలో మాస్కుల పాఠం చెప్పడానికి నిన్నగాక మొన్న వచ్చినావిడ నాకు చెప్పాలా? "మేడమ్, ఇటు కూర్చోండి, గాలి మీ వెనక నుంచి వస్తుంది" అంటుంది. అదీ నవ్వుతూ. కసిరినా బాగుండేది, నేనూ తిరిగి కసిరేదాన్ని.

కిటికీకి ఎర్ర రిబ్బను కట్టింది, చూశావుగా. నీ స్టోరు నుంచే మూరెడు ఇచ్చావట. నాకెప్పుడైనా సంతకం లేకుండా దూది ఉండ ఇచ్చావా? నవ్వకు.

ఆ రిబ్బను ఎటు ఊగితే గాలి అటు పోతోందని లెక్క. దగ్గే మనిషి మీంచి పిల్లల మొహాల మీదికి రాకూడదు, పిల్లల వైపు నుంచి వచ్చి ఆ మనిషి మీదుగా బయటికి పోవాలి. పిల్లలు దాని కింద నిలబడి ఎంత ముచ్చటగా చూస్తున్నారనుకున్నావు! ఆ ముక్కే నేను నోటితో వందసార్లు చెప్తే ఆవలించారు.

ఆవిడ వాళ్ళకి అక్క. నేను మేడమ్. "అక్క చెప్పింది" అంటారు ప్రతిదానికీ. నా ఎదురుగానే అంటారు.

అందరూ వెళ్ళాక నేనూ వెళ్ళి చూశాననుకో. నా పాత కుర్చీ ఉండే చోట నిలబడితే రిబ్బను సరిగ్గా నా మొహం వైపే ఊగింది. ఎన్నేళ్ళు కూర్చున్నానో అక్కడ. నాతోపాటు పిల్లల్ని కూడా కూర్చోబెట్టుకున్నాను. ఈ మాట నీ దగ్గరే ఉండనీ.

ఆవిణ్ణి ఎందుకు తెచ్చారో నాకు తెలియదనుకున్నావా? మూడేళ్ళ కిందట నా బ్యాచి పిల్లకి ఆ వార్డు జబ్బే అంటుకుంది కదా. ఆరు నెలలు మాత్రలు మింగింది పాపం. నన్నెవరూ ఒక్క మాట అనలేదు. అనకుండా ఈవిణ్ణి తెచ్చారు.

ఇవాళ పొద్దున ఏమైందో విన్నావా? చేదు పరీక్ష పెట్టింది. మాస్కు పెట్టుకున్నాక తల మీద బుట్టలాంటి ముసుగు తొడిగి, లోపలికి చేదు నీళ్ళు పిచికారీ కొడుతుంది. నాలిక్కి చేదు తెలిస్తే మాస్కు పక్కనుంచి గాలి దూరుతున్నట్టు. ఒక పిల్లకి తెలిసింది. సిగ్గుపడుతుందనుకున్నాను. లేదు, అందరూ చప్పట్లు కొట్టారు. ముందే దొరికింది, మంచిదైందని చిన్న సైజు మాస్కు ఇచ్చి మళ్ళీ కూర్చోబెట్టింది. మా రోజుల్లో తప్పు చేస్తే గోడవైపు నిలబెట్టేవాళ్ళం.

తర్వాత నా వైపు తిరిగి, "మేడమ్, మీరు కూడా" అంది.

నేను కూర్చున్నాను. ఏం, భయమా నాకు?

మొదటి పిచికారీకే చేదు వదినా. గొంతులోకి దిగింది. తెలిసిందా అని అడిగింది. తెలియలేదన్నాను. తల ఇటు తిప్పమంది, అటు తిప్పమంది, కాగితం మీద నాలుగు వాక్యాలు పైకి చదవమంది. చేదు మింగుతూనే చదివాను. పన్నెండు మంది చూస్తున్నారు, ఏం చేయమంటావు?

ముసుగు తీశాక నేరుగా చేతులు కడుక్కునే గదికి వెళ్ళి అద్దంలో చూసుకున్నాను. మాస్కు పైన ముక్కు మీది తీగ వంపు లేకుండా తిన్నగానే ఉంది. ముక్కుకి అంటుకునేలా నొక్కలేదు.

నేను. తీగ నొక్కారా, తీగ నొక్కారా అని ఇన్ని బ్యాచీల చెవుల్లో పోరినదాన్ని. పిల్లలు నన్ను వెక్కిరించాలంటే ఆ మాటే అనుకరిస్తారు, నాకు తెలుసు. తాళంచెవులు మర్చిపోయానంటే సరే, చెల్లెలి ఇంటి నంబరు మర్చిపోయానంటే సరే. ఆప్రాను జేబులో చీటీలు పెట్టుకుంటున్నాను, నువ్వు చూసే ఉంటావు. తీగ మాత్రం ఏ చీటీలోనూ రాయలేదు. అది మర్చిపోతానని ఎవరనుకుంటారు?

ఆవిడ చూసింది వదినా. ముసుగుకి ముందువైపు అద్దంలా ఉంటుంది, తీగ కనపడకుండా ఎలా ఉంటుంది?  రిజిస్టర్లో అందరి పేర్ల పక్కనా చేదు తెలిసిందో లేదో రాసి, నా పేరు పక్కన ఖాళీగా వదిలింది. పిల్లలు వెళ్ళాక నా దగ్గరికొచ్చి, "మేడమ్, అది మీరే రాయండి" అంది, మెల్లగా. నన్ను కాపాడుతోందట. ఆ మంచితనమే నాకు పడటంలేదు. నేనైతే ఆవిణ్ణి అలా వదిలేదాన్నా? పన్నెండు మందినీ పిలిచి మరీ చూపించేదాన్ని.

రేపు పొద్దున ఆరుగురు పిల్లల్ని నేనే వార్డుకి తీసుకెళ్ళాలి. వాళ్ళు పుస్తకం చూసి నేర్చుకోరు, నా మొహం చూసి పెట్టుకుంటారు మాస్కు.

సైజు చూసి మాస్కులివ్వడానికి రిజిస్టర్ నీ దగ్గరికే వచ్చింది కదా. ఇటివ్వు. నా పేరు పక్కన ఇంకా ఖాళీగానే ఉందా? నువ్వే ఏదో ఒకటి రాసేసుంటే బాగుండేది.

పెన్ను ఇవ్వు.

ఇదిగో, "చేదు తెలిసింది." సంతకం కూడా పెట్టాను, చూసుకో.

మళ్ళీ పరీక్ష పెట్టమని ఆవిడకి ఫోను చెయ్యి. నేను చెయ్యను, నా నోటికి రాదు. పిల్లలు లేనప్పుడు పెట్టమను.

ఆగు. పిల్లల ముందే పెట్టమను. తీగ నొక్కారా అని నన్ను పైకి అడగమను.

రేపు కాదు వదినా, ఇప్పుడే చెయ్యి. రేపటికి నేనీ మాట మర్చిపోయి, తెలియలేదనే చెప్తానేమో.