సీరియల్లో పెండ్లి

మధ్యాహ్నం సీరియల్ అయిపోగానే కరెంటు పోయింది. అత్త, మొగుడు పోయిన కోడలు విత్తనానికి చెనక్కాయలు వలుస్తూ కూర్చున్నారు.

“ఆ సీరియల్ పిల్లకు మళ్లీ పెండ్లి చేస్తే ఏం పోతాదంట? ఊరికే ఏడిపిస్తాండారు” అంది అత్త.

“ఊరోళ్లు ఏమంటారో అని వాళ్లత్తకు భయం.”

“ఆయమ్మ నాకు నచ్చల్యా. ఊరోళ్లు వచ్చి ఈమెకు కాయలు వలిచిస్తారా?”

కోడలు తలెత్తకుండానే అడిగింది.

“నువ్వయితే ఒప్పుకుంటావా అత్తా?”

“సోమందేపల్లె ఓబిలేషు నిన్ను అడిగేకి మనిషిని పంపినాడంటనే. నాకెందుకు చెప్పల్యా?”

“నిన్నొక్కదాన్నే ఇడిచిపెట్టి యాడికి పోదును?”

“బస్సెక్కితే నేనే వస్తా. అదేమన్నా దేశం దాటినట్లా?”

“తొందరేముందత్తా? చూద్దాంలే.”

“సాగదీస్తే సీరియలోళ్లకు లాభం. మనకేమొస్తాది? ఆదివారం రమ్మని చెప్పు.”