బోర్డుకెక్కని మాట

ఇక్రా, గా ఫోన్ల అంతసేపటి సంది ఏం సదువుతున్నవ్ బిడ్డా? ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’? అరె, గది మీ దాదా మాట! మీ తాత గులాం భాయ్‌ది! మీ క్లాసుల సారేం జెప్పిండు, ఎప్పుడో ఒకపాలి జరిగేదనా? గంతేనా? మీ దాదా ఎట్ల జెప్పిండో ఎర్కనా, ‘వర్ని ఊరవతల కాల్వ ఆఖరు మడికి నీళ్లొచ్చినట్టు’ అన్నడు. బండ్లోళ్లు ఇరగబడి నవ్విన్రు. నేను నవ్వలె. కూసో, చాయ్ తాగుకుంట ఇను.

మేమిద్దరం బోధన్ల చక్కెర ఫ్యాక్టరీల, చెరుకు తూకమేసే కాంటా కాడ చిట్టీలు రాసేటోళ్లం. సీజన్ల బండ్లు రోడ్డు పొడుగూత నిలవడేవి, కాంటా ఎక్కేసరికి పూటంత పట్టేది. గా ఖాళీల మీ దాదా ఏం జేస్తుండె, బండి నంబర్లు రాసే నల్లబోర్డుకు ఓ మూలకు, రోజుకొక్క ఇంగ్లీషు మాట సుద్దతోటి రాస్తుండె. ‘పీస్ ఆఫ్ కేక్’ అంటే బెల్లం ముక్క నోట్లేసుకున్నంత అల్కటి పని. ‘బీట్ అరౌండ్ ద బుష్’ అంటే బండిని కాంటా ఎక్కియ్యకుంట దాని సుట్టు తిప్పుడు. రైతులు నంబరు సూసుకునుడు మరిచి గదే సూస్తుండ్రి. ‘గులాం సాబ్, ఇయ్యాల్టిదేంది?’ సాబ్! నేను పదో తరగతి పాసు, ఆయన ఏడు కాడ ఆపిండు. నన్నేమో ‘ఓ ముత్తన్నా, చిట్టీ జల్ది రాయి’ అంటుండ్రి. ఆఖరికి మా ఇంటామె నాగవ్వ గూడ, అన్నం పెట్టుకుంట, ‘ఇయ్యాల గులామన్న ఏం రాసిండు?’ అని అడుగుతుండె. కంచం సగంలనే ఇడిసి లేస్తుంటి బిడ్డా. ఎక్కడికెళ్లి నేర్సిండు అంటవా? మిషన్లు బాగుజేసుడుకు వచ్చే ఇంజినీర్లకు చాయ్ ఇచ్చుకుంట ఒక్కో మాట పట్టుకొస్తుండె. నేను గూడ పోయిన ఒకపాలి. నాకు ‘థాంక్యూ’ తప్ప ఏం దొరకలె.

అన్ని ఓ ఎర్రట్ట నోటుబుక్కుల రాసిపెట్టుకుండు. ఒకనాడు నమాజుకు పోయిండు, బుక్కు బల్ల మీదనే ఉంది. నడుముల చెక్కుకున్న. ఇగ బోర్డు నాదే అనుకున్న. ఇంటికొచ్చి ఇప్పి సూస్తే ఏముంది? మాటలు ఇంగ్లీషుల, అర్థాలన్ని ఉర్దుల! నేను ఉర్దు మాట్లాడుమంటే పొద్దుందాక మాట్లాడ్త, సదువుమంటే ఒక్క అక్షరం రాదు. ఎవలినన్న అడుగుదామంటే, బోధన్ల ఉర్దు సదివేటోళ్లందరికి ఆ చెయ్యిరాత ఎవలిదో ఎర్కనే.

అయినా ఊకుంటనా? తెల్లారి నేనే రాసిన, ‘టేక్ ఇట్ విత్ ఎ పించ్ ఆఫ్ సాల్ట్’ అని. బండ్లోళ్లు మూగిన్రు. ‘ఓహో, ముత్తన్నకు గూడ వస్తదే! అర్థం జెప్పు మల్ల!’ నేను చిట్టీల కట్ట ఎతుకుతున్నట్టు జేసిన. రామస్వామి అని ఒకడుండె, వాని నోరు ఊకె ఉండది, ‘పది పాసైనోనికి రాదాయె’ అన్నడు. గప్పుడొచ్చిండు మీ దాదా. ఆ మాట ఆయన ఇంక ఎవలికి జెప్పనే లేదు, ఆయన బుక్కుల తప్ప ఎక్కడ లేదు. బోర్డు సూసిండు, నన్ను సూసిండు. ‘బండోడు ఇన్ని టన్నులు అనంగనే నమ్మొద్దు, కాంటా సూసినంకనే నమ్మాలె. గదీ అర్థం. నిన్న ముత్తన్ననే నాకు జెప్పిండు, మరిచినట్టున్నడు’ అన్నడు. అందరు నాకు శబాష్ అన్నరు. గా శబాష్ గూడ ఆయన ఇచ్చిందేనాయె! నన్ను తిట్టినా బాగుండు. లోపల ఇంకింత మండింది. బుక్కు ఆయన అడగలె, నేను ఇయ్యలె. ఇచ్చుడంటే ఒప్పుకునుడే గద.

ఆయన పోయి ఇరవై ఏండ్లాయె. ఇగో, ఆ బుక్కు గీ రేకు డబ్బల ఉంది. నీకు ఉర్దు సదువొస్తది గద? తీస్కపో, నీదే. గని ముందుగాల గీ పేజీ సూడు, ‘గ్రీన్ విత్ ఎన్వీ’. బోర్డు మీద రాసినయన్నిటికి టిక్కు పెట్టుకుండు, నడిమిట్ల గిదొక్కటే ఇడిసిండు. ఎందుకో ఇన్నేండ్ల సంది సమజైతలేదు. సదువు. ‘ఒకని మంచి సూడలేక లోపల కాలుడు.’ మంచిగ రాసిండు. కిందికి ఇంకో వరుస ఉంది, గదేంది? ఆఁ? మల్ల సదువు.

‘గిది బోర్డు మీద వద్దు. ముత్తన్న బాధపడ్తడు.’



చాయ్ సల్లారిపోయింది. నాగవ్వా, గీ పిల్లకు ఇంకో కప్పు పొయ్యి.