నా సగం

కుర్చీ వద్దు లే టీచరమ్మా, నేను నిలబడే మాట్లాడతా. కూసుంటే ఏడుపొస్తాది. ఏడ్సేదానికి రాలేదు నేను ఈడికి, అడిగేదానికొచ్చినా. నా బిడ్డ లేసి అడిగితే దాన్నీ కూర్చోమంటిరి, ఇప్పుడు నన్నూ కూర్చోమంటాండారు. ఎవురొచ్చినా కూసోబెట్టేదేనా?

ఎవురి బిడ్డనా? రేఖ. పదో తరగతి. మీ బయాలజీ క్లాసులో ముందర బెంచీలో కూసుంటాది. నేను వాళ్లమ్మను, బయ్యమ్మ.

ఆ, ఆ టమోటా పిల్లే! పేరు సెప్తే తెలీలే, టమోటా అంటే తెలిసె సూడండి. ఆ పేరు యాడ పుట్టిందో తెలుసునా మీకు? మీ క్లాసులోనే పుట్టె.

బడికి యాల రాలేదంటారా? సెప్తా. మొదట్నుంచి సెప్పకుంటే మీకు అర్థం గాదు.

వానలప్పుడు మీరు ఆ పాఠం సెప్తిరి గదా, అమ్మానాయన గుణాలు బిడ్డలకు ఎట్లొస్తాయని. అదేందో మియోసిస్ అంట. నేను పలికేది తప్పేమో, నవ్వొద్దండి. ఆ పొద్దు సాయంత్రం నా బిడ్డ ఇంటికొచ్చి, బ్యాగు గూడా దించకుండా నా సేతి గాజులు లాగె. నేల మీద జతలు జతలుగా పెట్టె. "మా, నీలో అన్నీ ఇట్ల జతలుగా ఉంటాయి. బిడ్డకిచ్చేటప్పుడు జతకు ఒకటే ఇస్తావు. నాయన గూడా జతకు ఒకటే ఇస్తాడు. ఆ రెండూ కలిస్తే నేను" అనె.

"మీ నాయనవి జాస్తి ఉంటాయేమో గదా?" అని అడిగినా.

"లేదుమా. సరిగ్గా సగానికి సగం. నేను సగం నువ్వే" అనె.

ఏం సెప్పేది టీచరమ్మా! ఆ ఇంటికి కోడలుగా పోయినప్పట్నుంచి నేను వినేది ఒకటే. పిల్ల బాగా సదివితే వాళ్ల నాయన పోలిక. ముక్కు సక్కగా ఉంటే వాళ్ల అవ్వ పోలిక. మొండికేస్తే మాత్రం తల్లి బుద్ధి! మోసి కన్నదాన్ని, దాంట్లో నాకు భాగమే లేనట్ల మాట్లాడతారు. అట్లాంటిది ఆ పొద్దు నా బిడ్డ నా సగం నాకు తెచ్చిచ్చె. పుస్తకంలోనే ఉందంట గూడా. ఆ గాజులు మళ్ళా ఏసుకునేదానికి మనసు రాలే. సానాసేపు అట్లే సూస్తా కూసుండిపోతి. మీ పేరు తల్సుకొని, స్వర్ణలత మేడం సల్లగా ఉండాలని మనసులో మొక్కుకుంటి గూడా.

ఆ తర్వాత మూడుకొకటి పాఠం. బఠానీ సెట్లంట. పొడుగుదీ పొట్టిదీ కలిపితే మొదటి తరమంతా పొడుగే వస్తాదంట. వాటి ఇత్తనం మళ్ళా ఏస్తే నాలుగింట్లో మూడు పొడుగు, ఒకటి పొట్టి. ఇదీ నాకు సెప్పె. సెప్తా సెప్తా నిలిచిపాయ. "మా, మన హైబ్రిడ్ టమోటా గూడా రెండు రకాలు కలిపిందే గదా? దాని ఇత్తనం మనమే తీసి ఏస్తే నాలుగింట్లో మూడు సెట్లు బాగా రావల్ల గదా?" అనె.

మా పక్క ఎవురూ అట్ల ఇత్తనం తీయరు. ప్రతిసారీ నర్సరీ నుంచి నారు తెచ్చుకునేదే. యాల తీయకూడదో ఎవురూ సెప్పలే. తీయకూడదంటారు, అంతే. "మీ మేడాన్ని అడుగు, ఆమెకు తెలుస్తాది" అన్నది నేనే.

అడిగింది గదా? గుర్తుందా?

లేదా! నాకు గుర్తుండాది, నేను ఆడ లేకున్నా. "అది పరీక్షకు రాదు, కూర్చో" అంటిరంట. క్లాసంతా నవ్విరంట. ఆ పొద్దు నుంచే టమోటా అని పేరు. మీ పని మీకుంటాది, సిలబస్ అయిపోవల్ల, పైనోళ్లు అడగతారు, నాకు తెలుసు.

ఇంటికొచ్చి ఏమనిందో తెలుసునా? "మేడం కాదనలేదుమా. కాకుంటే కాదని సెప్పుంటారు" అనె. అంత నమ్మకం మీ మీద.

ఇంక నేను ఊరుకుంటానా? నా సగం సెప్పిన మాట గదా! మా ఆయన బైరప్ప వద్దనె. "ఊర్లో ఎవురన్నా ఏస్తాండారా అట్ల?" అనె. "సెప్పింది నా సగం" అని నేనే పోట్లాడి ఒప్పించినా. మాగిన కాయలు పిసికి, ఇత్తనం కడిగి, బూడిదలో కలిపి ఆరబెట్టినాము, నేనూ నా బిడ్డా. నారు సూడాల్సింది మీరు, ఎంత పచ్చగా వచ్చెనో! నాటినాము, కట్టెలు పాతినాము, దారాలు కట్టినాము. మా బోరులో వచ్చేదే కొంచెం. ఆ నీళ్లంతా దానికే పెట్టినాము.

కాపొచ్చె. ఏం కాపు! ఒక సెట్టు కట్టె దాటి పోతాది, పక్కది మోకాటికి గూడా రాదు. ఒక కాయ గుండ్రం, ఒకటి కోల, ఒకటి గుమ్మడికాయ మాదిరి తొనలు తొనలుగా. కొన్ని ఉసిరికాయంత. కొన్నింటికి పూతే నిలబడలే.

అట్లే బాక్సులకెత్తి మదనపల్లె మండీకి తీస్కపోతిమి. బాక్సు బోర్లించి ఆడ ఏలం ఏసే ఆయప్ప నవ్వె. "ఏమప్పా బైరప్పా, సంతలో మిగిలినవన్నీ ఏరుకొచ్చినావా?" అనె. ఎవురూ ఏలం పాట పాడలే. మా ఆయన అందరి ముందరా బిడ్డ తట్టు తిరిగి "సూడు నీ సదువు!" అనె. నా తట్టు తిరిగి "నీ సగమే గదా!" అనె.

ఇంటికొచ్చినాక ఆ పిల్ల ఏం జేసిందనుకున్నారు? అమ్ముడుపోని కాయలన్నీ కొట్టంలో పోసి కుప్పలు పెట్టె. గుండ్రనివి ఒక తట్టు, కోలవి ఒక తట్టు, సిన్నవి ఒక తట్టు. మూడుకొకటి రావల్ల గదా! దీంట్లోవి దాంట్లో ఏసె, మళ్ళా తీసె. ఎట్ల పెట్టినా కుదర్లే. కుప్పల నడుమ అట్లే కూసుండిపాయ. మరుసటి పొద్దు బ్యాగు అటక మీద పెట్టేసి నా ఎనకాల కూలికొచ్చె. వాళ్ల నాయన పుంగనూరులో మేనత్త కాడికి పంపిస్తా, ఆడ అంగట్లో పనికి పెడతా అంటాండాడు. ఇది ఊ అంటాండాది. కాదని ఏడ్సినా బాగుండు.

ఏమంటిరి? మళ్ళా సెప్పండి.

ఒక గుణం మటుకే సూస్తే మూడుకొకటా? హైబ్రిడ్‌లో అట్లాంటి గుణాలు ఎన్నో ఉంటాయా? దాని ఇత్తనం ఏస్తే దేని దోవ అది పడతాదా? అందుకేనా ఒక సెట్టు మాదిరి ఇంకొకటి రాలేదు?

అంతేనా?

ఇంతేనా టీచరమ్మా! ఇది సెప్పేదానికి ఎంతసేపు పట్టె మీకు? నేను కొంగు సర్దుకునేంత సేపు గూడా పట్టలే. తెలుసు మీకు! నేనేమో మీకు తెలీక కూర్చోమన్నారేమో అనుకుంటా వచ్చినా. తెలీకుంటే ఎవుర్నేమంటాము? తెలిసుండీ సెప్పలేదే!

నీళ్లొద్దు. ఏడ్సను లే.

రేపు పంపిచ్చమంటారా? దగ్గర కూసోబెట్టుకొని మీరే సెప్తారా? మంచిదే. మీరు పిలిస్తే వస్తాదేమో, మీ మీద కోపం లేదు దానికి. "మేడం తప్పు సెప్పలేదు, నేనే తప్పుగా అర్థం జేసుకుంటి" అని పక్కింటి అంజమ్మతో అంటాండె. నాతో గాదు. అంజమ్మతో.

నాతో యాల గాదంటారా?

అంతా మీవల్లేనని బస్సులో దోవ పొడుగునా అనుకుంటానే వచ్చినా. గట్టిగా అడగల్లని వచ్చినా. ఇప్పుడు మీరు తల దించుకోని కూసుంటే, నేను జేసిందీ సెప్పల్లనిపిస్తాండాది.

మండీలో మా ఆయన "నీ సగమే గదా" అనె గదా, అంతమంది సూస్తాండారు, నాకు తల కొట్టేసినట్టయ్యె. నేనేమంటినో తెలుసునా? "నా సగం గాదు. ఇట్లాంటిది నా కడుపున పుట్టేది గాదు" అంటి.

బిడ్డ నా పక్కనే ఉండాది. నా సెయ్యి పట్టుకోనుండె. మెల్లగా వదిలేసె.

ఆ పొద్దు నుంచి నాతో మాట లేదు. కూలి కాడ పక్కనే వంగుతాది, సంగటి పెడితే తింటాది. మా అని పిలవదు. గాజులు ఏసుకుంటాంటే తల తిప్పుకుంటాది.

వాళ్ల నాయన మాట అది ఏ పొద్దూ మనసులో పెట్టుకోదు, ఆయన తిట్టేది దానికి అలవాటే. ఇప్పుడు ఉలుకూ పలుకూ లేకుండా తిరగతాండాదే ఆ పిల్ల, అట్ల జేసింది మీరు సగం, నేను సగం. మీ సగం మీరు రేపు దగ్గర కూసోబెట్టుకొని సరిజేస్తారు. నా సగమే...

వస్తా టీచరమ్మా. తంబళ్లపల్లె బస్సుకు టైమయ్యె.