కుట్టు లోపలి గుడ్డ

ముసురు పట్టిన మధ్యాహ్నం. కొడుకు పెళ్ళికి కొత్త జాకెట్టు కుట్టించుకోవడానికి కూతురి దుకాణానికి వచ్చిన తల్లి చేతులు చాచి నిలబడింది. కూతురు టేపుతో కొలతలు తీసుకుంటోంది.

"బాగా చిక్కిపోయావమ్మా."

"ముద్ద దిగితేగా! మీ నాన్న మాట్లాడటం మానేశారు."

"నాతోనా, నీతోనా?"

"ఇద్దరితోనూ. నిన్ను కన్న నేరం నాదేనట."

"చెయ్యి దించు. పెళ్ళికి నేను చేసుకోబోయే ఆయన్ని కూడా తీసుకొస్తానని తమ్ముడికి చెప్పాను."

"అందుకే వచ్చాను. ఒక్కదానివే రావే. పెళ్ళికూతురి తరఫువాళ్ళు అతనెవరని అడిగితే ఏం చెప్పను?"

"కాబోయే రెండో అల్లుడని చెప్పు."

"నలుగురూ నవ్విపోతారే! విడాకులైన పిల్ల, పైగా బొత్తాలమ్ముకునేవాడితో..."

"మొదటాయన ఆఫీసరే కదమ్మా. ఆ ఇంట్లో తిన్నావా అని నన్నడిగే దిక్కు లేదు. ఈయన బొత్తాలు ఇవ్వడానికొచ్చి ముందు ఆ మాటే అడిగాడు."

"నాకు తెలియదనుకున్నావా? అతను గుమ్మం తొక్కితే మీ నాన్న పెళ్ళికే రానంటున్నారు."

"అయితే నేనే రానులే."

"రావద్దనలేదు. ఒక్కదానివే రమ్మన్నాను."

"ఒక్కదాన్నే ఉండటం అయిపోయిందమ్మా."

కూతురు టేపును తల్లి నడుముకు చుట్టింది.

"నడుము దగ్గర బిగువుగా పెట్టనా?"

"వద్దు. కుట్టు లోపల గుడ్డ ఎక్కువ వదులు."

"ఇంత చిక్కినదానికి ఎందుకమ్మా?"

"ముందుముందు ఒళ్ళు చేస్తే విప్పుకోవాలిగా. ఇంకొకరి చేతి కుట్టు నాకు పడదు. ఇకమీదట మీ నాన్న నన్నిక్కడికి రానివ్వరు."