కోసమ్మ వేసిన ఆకులు

కోసమ్మకి ఆ కొండంతా చుట్టాలేనంట. ఉన్నోళ్ళు కాదర్రా, పోయినోళ్ళు. కొండరెడ్ల ముసలమ్మ, ఒంటి మనిషి. పొద్దున్నే మంచులో బయల్దేరి, దారిలో రాయి కనపడితే "బాగున్నావా మావా" అని, చెట్టు కనపడితే "ఏం వదినా, ఈ ఏడు కాపు తగ్గిందే" అని పలకరించుకుంటా పోయేదంట. ఊళ్ళో కుర్రాళ్ళు నవ్వేవాళ్ళు. నువ్వు నవ్వకే పిల్లా, చెప్పనీ. ఆ ఊరు ఎలాంటిదంటే, ఇరవై గుమ్మాలు, అంతే. మబ్బు దిగిందంటే ఇళ్ళు ఒకదాని వెనక ఒకటి మాయమైపోయేవి. పొయ్యి పొగ వాసన పట్టుకుని ఎవరింటికి వచ్చామో తెలుసుకునేవాళ్ళనుకో.

ఏమైందంటే, సామలు కోసి కొత్తలు, అదే కొత్త పంట మొదటిసారి వండుకు తినే పండగ, చేసుకునే రోజున కింద నుంచి ఇద్దరొచ్చారు. ఒకడు గొలుసేసి భూములు కొలిచే అమీను, రెండోవాడు ఆ చుట్టుపక్కల ఊళ్ళ మీద పెత్తనం చేసే ముఠాదారు. కొండ మీదున్న టేకు చెట్లకి ఎవరో దొర ఆశపడ్డాడంట. కొండ ఎవరిదీ కాదని కాయితంలో పడితే చాలు, ఇరవై గుమ్మాలూ ఏటి అవతలకి పోవాల. అమీను కాయితం తీసి, ఈ కొండ ఎవరిదో చెప్పండర్రా అన్నాడు. జనానికి నోరు పెగల్లేదు. కాయితం చూస్తే భయం మరి. ముఠాదారు ముందుకొచ్చి, వీళ్ళకేం తెలుసు బాబూ, వీళ్ళ మాట నేను చెప్తా, ఖాళీ కొండ అని రాసుకో, వేలిముద్ర నేనేస్తా అన్నాడు. అప్పుడు లేచింది కోసమ్మ. "మా మాట మేం చెప్తాం. నువ్వు కూకో." ముఠాదారు పడీ పడీ నవ్వి, "నోట్లో పన్ను లేదు, నువ్వేం చెప్తావే ముసలీ?" అన్నాడు. "పళ్ళు కొరకడానికయ్యా. చెప్పడానికి నాలిక చాలు" అందంట. అని ఊరుకుందా? అమీను వైపు తిరిగి, ఖాళీ అని ఊరికే ఎట్టా రాస్తావు బాబూ, గొలుసేసి కొలువు, నేనూ వస్తా, ఖాళీగా ఉంటే అట్టాగే రాసుకో అంది.

అమీను గొలుసు పరిచాడు. కోసమ్మ చంకలో అడ్డాకుల కట్ట, నెత్తిన సామబువ్వ తట్ట. కొత్తల రోజు కదా, పెద్దలకి పెట్టకుండా మా కాడ ఎవరూ ముద్ద ముట్టరు. గొలుసు కదలబోయే ముందు ఒక ఆకేసి, పిడికెడు బువ్వ పెట్టి, "లచ్చిరెడ్డి మావా, ఈ రాతికట్ట నువ్వు పేర్చిందేగా, కూకో" అంది. ఇంకో ఆకేసి, "పోతమ్మత్తా, ఈ ఊట నువ్వు తవ్విందేగా, కూకో" అంది. అట్టా పేరు పేరునా పిలుస్తా వరసగా ఆకులేసింది. అమీను అడుగెయ్యబోతే, "ఆగు బాబూ, తింటున్నారు" అందంట. తినేవాళ్ళని దాటకూడదు కదా. అమీనుకీ ఒక అమ్మ ఉంటది, చిన్నప్పుడు చెప్పే ఉంటది. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగాడు. ఎంతసేపు తింటారమ్మా అన్నాడు. "వాళ్ళకేం తొందర? పోయినాక పనేముంది!" అంది. ముఠాదారుకి చిరాకొచ్చి, ఆకులకి భయపడతావేందయ్యా, దాటు దాటు అని తానే గబగబా దాటుకుంటా పోయాడు.

అప్పుడు దిగింది మంచు. పాలు పొంగినట్టు, కొండ కొస నుంచి కిందకి. ముఠాదారు కేక వినపడింది గానీ మనిషి కనపడలా. అమీను కళ్ళు నులుముకుని చూస్తే, ఆకు ఆకు కాడా ఒక వీపు వంగి ఉందంట. తెల్లటి వీపులు, వరసగా, కొండ కొస దాకా. నమిలే చప్పుడు, చెట్ల మీంచి మంచు చుక్కలు రాలినట్టు, చిన్నగా. ఒక ముసలాయన తలెత్తకుండానే పక్కకి జరిగి, కూకో అబ్బాయ్, పొద్దున్నించి తిరుగుతున్నావు అన్నాడంట. కల అనుకో, ఆకలి అనుకో, నేనైతే చూళ్ళేదు. అమీను కూకున్నాడు. కోసమ్మ ఆకేసింది. తిన్నాక చెయ్యి కడుక్కుని, ఈయనెవరమ్మా, ఆమెవరమ్మా అని అడుగుతా, కోసమ్మ చెప్తా ఉంటే రాసుకుంటా పోయాడు. ఏ కట్ట ఎవరిది, ఏ ఊట ఎవరిది, కల్లు గీసే ఏ జీలుగు చెట్టు ఎవరింటి వాటా. చివరికి ఒక చిన్న ఆకు కాడ ఆగాడు. ఇదెవరిదమ్మా అంటే, నా కూతురు సుక్కిది, ఏడేళ్ళకే పోయింది అంది. పసిపిల్లకి కొండలో ఏముంటదమ్మా, ఇది రాయను అన్నాడంట. అప్పుడొచ్చింది కోసమ్మకి కోపం. "అదిగో, ఆ పనసకి, మొక్కగా ఉన్నప్పుడు, మంచం పట్టేదాకా సొరకాయ బుర్రతో నీళ్ళు మోసింది. అది రాయవా, రాసిందంతా కొట్టెయ్." అమీను తలొంచుకుని రాశాడు. సుక్కి, పనసచెట్టు.

మంచు తేలిపోయాక ఊళ్ళోకొచ్చి అదంతా బిగ్గరగా చదివాడంట. పొద్దున నోరు పెగలని జనం, పేరు పేరుకీ, మా తాతే, మా అవ్వే, మా మేనత్తే అని ఒక్కొక్కరే పలికారు. ముందు సన్నగా, ఆపైన గట్టిగా. ఖాళీ అనే మాటకి ఇక కాయితంలో చోటే లేకపోయింది. ఇరవై గుమ్మాలూ ఉన్నచోటే ఉన్నాయి. ముఠాదారు మూడోనాడు ఏటి ఒడ్డున కనపడ్డాడు, పంచె నిండా పల్లేరు కాయలు.

ఇదీ కత. ఆ కాయితం ఏమైందంటారా, చెదలు తిన్నాయంట. పేర్లు మాత్రం మా ఆడాళ్ళు ఏడాదికోసారి పిలుస్తానే ఉన్నారు. మొన్న ఒకాయన జీపులో వచ్చి, ఈ కొండ మీదేననడానికి ఆధారం ఏదీ అన్నాడు. ఓ కాయితం చాపి, ఇక్కడ సంతకం పెట్టు తాతా అన్నాడు. రాత్రి బడిలో నాలుగు అక్షరాలు నేర్చుకుని ఉన్నానా, చదివితే గానీ పెట్టనన్నాను. చదివాను, మళ్ళీ ఆ ఖాళీ కొండ అనే మాటే ఉంది, పెట్టలా. కూకోండి బాబూ, ఆకేస్తాం, ఎవరెవరిదో చెప్తాం అన్నాను. టైము లేదన్నాడు. ఒక్క పూట కూకోడానికి టైము లేనోడికి అంత కొండెందుకో, మీరే చెప్పండి.