ఆంజనేయప్ప అతికిన పడవ రెయిలింగు

చెరువు కట్ట మీది టీ అంగడిలో పాలు పొంగి స్టవ్ మీద పడుతున్నా హనుమక్క చూసుకోలేదు. ఆమె కళ్లు నీళ్ల మీదున్నాయి. నీళ్ల మీద పడవ, ఆ పడవలో ఆమె మనవరాలు నేత్ర.

మిట్టేమరికి పోయే దారిలో ఉండే ఆ ఊరి చెరువు నిండి ఎన్నో ఏండ్లయింది. నేత్రకు ఊహ తెలిసినప్పటి నుంచీ అది తుమ్మచెట్లు మొలిచిన బయలే. పిల్లలు దాంట్లో క్రికెట్ ఆడేవాళ్లు, పెద్దలు దాంట్లో పడి అడ్డదారిన మిట్టేమరి పోయేవాళ్లు. ఈసారి వానలు ఎట్లా కురిశాయో ఏమో, కట్ట అంచు దాకా నీళ్లొచ్చి నిలబడ్డాయి. ఊళ్లో కుర్రకారుకు ఒక్కరికీ ఈత రాదు. నీళ్లే లేని ఊళ్లో ఈత ఎవరు నేర్పుతారు? అయినా నీళ్లు కనబడేసరికి అందరికీ వెర్రెక్కినట్లయింది. ట్రాక్టర్ మెకానిక్ నాగేశ్ ఎక్కడో సముద్రం పక్క ఊరికి పోయి ఒక పాత ఇనుప పడవ కొని లారీలో వేసుకొచ్చాడు. ఊరి సందు తిరిగేటప్పుడు ఆ లారీ కాస్తా పడవను తీసుకుపోయి కరెంటు స్తంభానికి తగిలించింది. ఒక పక్క రెయిలింగు మొత్తం లోపలికి వంగింది. కింద కాళ్ల దగ్గర వెల్డింగు విడిచిపోయి, ఊగే పంటి మాదిరి చెయ్యి వేస్తే కదిలేది.

దాన్ని సరిచేసింది బాగేపల్లిలో గేట్లు, కిటికీ గ్రిల్లులు చేసే ఆంజనేయప్ప. పనివాడే. కానీ నోరు పెద్దది. వానొస్తోందని ఆయన చెబితే ఊరి ఆడవాళ్లు బయటికొచ్చి ఆకాశం చూసుకునిగానీ ఆరేసిన బట్టలు తీసేవాళ్లు కాదు. ఆయన్ను నడి మాటలో ఆపగలిగింది ఒక్క పెండ్లాం శశికళే. ఈ పొద్దు ఆమె కూడా పొదుపు సంఘం ఆడోళ్లతో కలిసి పడవెక్కింది. ఇక అడ్డమెవరు?

పడవ నీళ్లలోకి దిగడం ఇదే మొదలు. తూము పక్క రేవులో ఎక్కించుకొని నాగేశ్ చెరువు నడుమకు తీసుకుపోయాడు. పిల్లలకు మాత్రం నారింజ రంగు జాకెట్లు తొడిగాడు. పెద్దవాళ్లకు సరిపోయినవి లేవు. ఇనుప కమ్మి కనబడితే ఎక్కే పిల్ల నేత్ర. ఇస్కూలు గేటు మీద వేలాడి మేష్టరు చేత తిట్లు తిన్నది. దాని అమ్మ గార్మెంట్స్ పనికి పోయి సాయంత్రం వస్తుంది. ఏమన్నా అయితే ఆమెకు ఏం చెప్పేది? ఈ ఆలోచనతో హనుమక్క పొద్దున్నుంచీ ఏ పనీ సరిగా చెయ్యలేదు.

బెంచీ మీద ఆంజనేయప్ప, ముసలి రైతు మునియప్ప, టమాటా తోట గిరీశ్ కూర్చుని ఉన్నారు. ఆంజనేయప్ప చేతిలో టీ గ్లాసు పెట్టి హనుమక్క అడిగింది:

"అప్పా ఆంజనేయప్పా, ఆ రెయిలింగు గట్టిగా ఉండాదా?"

ఉండాదక్కా అంటే చాలు. ఆమె పోయి పాలు చూసుకునేది. కానీ ఆంజనేయప్ప తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"గట్టిగానా? భలే అడిగితివక్కా. మొదట్నించీ చెప్తా ఇను. లారీలోంచి పడవ దించిన పొద్దు నాగేశుడు నా దగ్గరికొచ్చి, అన్నా, చింతామణిలో ఇద్దరు వెల్డర్లకు చూపిచ్చినా, కోసి పారెయ్, కొత్త పైపులు వెయ్ అంటాండారు అన్యాడు. నేను పడవ చుట్టూ ఊరికే ఒక తూరి తిరిగినా. ఏలితో పైపును తట్టినా. టంగుమనె. ఆ సద్దు ఇంటానే తెలిసిపోయె నాకు, ఇనుముకు ఇంకా ప్రాణముండాదని. సుత్తి తీసుకుంటి. పెద్దది గాదు, మేకులు కొట్టే సుత్తి. ఒకటే దెబ్బ. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"సుత్తి ఇరిగింటాది," అన్నాడు గిరీశ్.

"ఆ కొన నుంచి ఈ కొన దాకా పైపంతా పడుకున్న పాము తలెత్తినట్ల సరసరా లేచి నిటారుగా నిలబడె! నాగేశుడు దండం పెట్టేసినాడు నాకు. నాకెందుకులేబ్బా, ఇనుముకు పెట్టుకో అంటి."

"పైపు సరే," హనుమక్క కళ్లు పడవ మీది నుంచి తిప్పలేదు. "అడుగున కాళ్లు విడిసిపోయినాయి గదప్పా. వాటి సంగతి చెప్పు."

"అదే వస్తాండా గదక్కా! కాళ్లు అతకల్ల. వెల్డింగు మిషను తెస్తి, రాడ్డు పెడ్తి, కరెంటు పాయె. మన ఊర్ల కరెంటు సంగతి నీకు నేను చెప్పల్లనా? సాయంత్రం మోడం కమ్ముకోని ఉండాది, ఉరుముతాండాది. నాగేశుడు, రేపు చేస్తువులే అన్నా అంటాడు. రేపా? ఆంజనేయప్ప డిక్షనరీలో రేపనే మాట యాడుండాదిరా అంటి. పడవ మీద ఎక్కి నిలబడి, కుడి చేత్తో రాడ్డు కాలికి ఆనించి, ఎడమ చెయ్యి ఇట్ల పైకెత్తి, రా అంటి మెరుపును."

"వచ్చిందా?" అన్నాడు మునియప్ప, నిదానంగా టీ ఊదుకుంటూ.

"రాక యాడికి పోతాది? ఈ చెయ్యిలో ఎక్కి ఆ చెయ్యిలో దిగె. ఒక్క మెరుపుకు కాళ్లన్నీ అతుక్కునె! ఆ ఎలుగు ఉండాదే, అది చిక్కబళ్లాపురం దాకా పడె. అంతే గాదు, జంగమకోటెలో ఏమైందో తెలుసా? తట్టల్లో పట్టుపురుగులు తెల్లారిపోయిందనుకోని లేచి, ఉండే ఆకంతా నమిలేసి, గడియలో గూళ్లు కట్టి పారేసినాయి. రైతులు కొత్త ఆకు కోసుకోనొచ్చి చూస్తే ఏముండాది, తట్ట నిండా గూళ్లు. అన్నీ బంగారు రంగు!"

గిరీశ్ నవ్వి బెంచీ మీద కొట్టాడు. హనుమక్కకు నవ్వు రాలేదు. ఆయన మాట పెరిగే కొద్దీ ఆమెకు నమ్మకం తగ్గుతోంది. ఒక్క కాలు గురించి, ఒక్క రాడ్డు గురించి నిజమైన మాట చెప్పకుండా ఈ మనిషి పట్టుపురుగుల దగ్గరికి ఎందుకు పోయాడు? చెప్పేది నిజంగా ఉంటే చెప్పడా?

అప్పుడు ఇంజిను ఆగింది.

ఇంతసేపూ డుబుడుబుమని వినబడుతున్న చప్పుడు ఆగేసరికి చెరువంతా ఒక్కసారి ఖాళీ అయినట్లయింది. నీళ్లు కట్టకు కొట్టుకునే చప్పుడు తప్ప ఏమీ లేదు. హనుమక్క గరిటె పట్టుకునే బయటికొచ్చింది. దూరంగా నడుమలో పడవ గాలికి మెల్లగా అడ్డం తిరుగుతోంది. నాగేశ్ వెనక ఇంజిను మీదికి వంగి తాడు లాగుతున్నాడు.

"ఏమీ గాదక్కా, డీజిలు గాలి పట్టింటాది," అన్నాడు ఆంజనేయప్ప. ఆయన కూడా లేచి నిలబడ్డాడు. "ఇంజిను ఆగితే ఏం? రెయిలింగు ఆగిందా? అతికినాక నేను పరీక్ష చేసినా గదా. జేసీబీని పిలిపిచ్చి గొలుసు కట్టి లాగమంటి. లాగె లాగె, జేసీబీ తొట్టి ఊడి కింద పడె, రెయిలింగు ఇంత కూడా కదల్లేదు. అప్పుడు చింతామణి స్టేషనుకు పోయి..."

మునిగిన తుమ్మచెట్ల మీది నుంచి తెల్లకొంగలు గుంపుగా లేచాయి. పడవలో ఆడవాళ్లూ పిల్లలూ వాటిని చూడడానికి అందరూ ఒకే పక్కకు జరిగారు. పడవ ఆ పక్కకు ఒరిగింది. ఒరిగింది ఎర్ర రంగు పక్క. పాత రెయిలింగు మొత్తం తెల్లది. అతికిన చోట మాత్రం తుప్పు పట్టకుండా పూసిన ఎర్ర ప్రైమరు ఉంది. ఆ ఎరుపు మీద నారింజ జాకెట్లు ఆనుకోవడం కట్ట మీదికి కూడా కనబడింది. వాటిలో ఒకటి మిగతా వాటికన్నా పైకుంది. కమ్మి ఎక్కినట్లుంది.

"నేత్రా..." హనుమక్క గరిటె పట్టుకున్న చేత్తోనే పడవ వైపు చూపింది. "ఆ పక్కనే గదప్పా నీవు అతికింది?"

"ఆ పక్కనే," అన్నాడు ఆంజనేయప్ప, చాలా చిన్నగా. ఆ చిన్న గొంతుకు తానే బెదిరినట్లు వెంటనే అరిచాడు. "ఆ పక్కనేనక్కా! రైలును కట్టినా దానికి! చింతామణి స్టేషనులో గార్డు పచ్చ జెండా ఊపినాడు, ఇంజిను కూసింది, చక్రాలు గిరగిరా తిరుగుతాండాయి, రైలు మాత్రం కదలదే! లోపలుండే జనమంతా దిగొచ్చి వెనకనించి తోసినారు. ఆ తోపుకు స్టేషను కదిలె గానీ రైలు..."

"నడుమకు రాండి! నడుమకు రాండమ్మా!" గిరీశ్ కట్ట పొడవునా పరిగెత్తుతూ తువ్వాలు ఊపుతున్నాడు. గాలి ఆ మాటను వెనక్కి తెచ్చి వాళ్లకే ఇస్తోంది. మునియప్ప టీ గ్లాసు కింద పెట్టి, చెప్పులు విడిచాడు. ఆ ఊళ్లో చిన్నప్పుడు ఈత నేర్చిన చివరి మనుషుల్లో ఆయన ఒకడు. కానీ ఇప్పుడు మోకాళ్లు వంగవు. అంత దూరం ఎట్లా పోతాడు?

హనుమక్క ఆంజనేయప్పను చూసింది. ఆయన పెదవులు ఇంకా రైలు గురించి ఏదో గొణుగుతున్నాయి. కళ్లు మాత్రం ఆ ఎర్ర మరక మీద అతుక్కుపోయాయి. చేతిలో టీ ఒక్క గుక్క కూడా తాగలేదు. పైన మీగడ కట్టింది.

నాగేశ్ తాడు వదిలేసి లేచి చేతులాడించడం కనబడింది. నారింజ జాకెట్లు ఒక్కొక్కటీ ఎరుపును విడిచాయి. చివరగా పైకున్నది కూడా కిందికి దిగింది. పడవ మెల్లగా సమానమైంది. ఆ తర్వాత ఎంతసేపటికో, హనుమక్కకు మాత్రం ఒక పగలంత సేపటికి, ఇంజిను దగ్గి, ఆగి, మళ్లీ దగ్గి డుబుడుబుమంది.

పడవ నేరుగా టీ అంగడి కింద రాళ్ల దగ్గరికొచ్చి ఆగింది. హనుమక్క మోకాలి లోతు నీళ్లలోకి దిగిపోయి నేత్ర రెక్క పట్టుకుని లాక్కుంది.

"అవ్వా! నేను రెయిలింగు మీద నిలబడుకుంటి! కొంగలు ఎన్నుండాయో తెలుసా?"

హనుమక్క పిల్లను గట్టు మీదికి ఎక్కించింది. పిల్ల రెక్క మాత్రం వదల్లేదు. గట్టు మీద రెండో ట్రిప్పు కోసం అప్పటికే పది ఇరవై మంది చేరి ఉన్నారు. అంత జనాన్ని చూసేసరికి ఆంజనేయప్పకు ప్రాణం లేచొచ్చింది. తువ్వాలు మళ్లీ దులిపాడు.

"చూసినారా? చూసినారా అంటాండా! ఊరి ఆడోళ్లంతా ఒకే తూరి ఆనుకున్యారు, రెయిలింగు కిర్రుమన్యదా? అనదు! ఎందుకంటే రైలు పరీక్ష అయినాక నేను ఊరికే ఉండలేదు. గుమ్మనాయకనపాళ్యం కొండకు కట్టినా దాన్ని. కట్టి నాగేశుణ్ని ఇంజిను ఇయ్యమంటి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పడవ ముందుకు పోయె, రెయిలింగు గట్టిగా పట్టుకోనుండె, కొండ లేచి వెనకాలే వచ్చె! పరగోడు దాకా వచ్చేసింటే ఊరోళ్లంతా పరిగెత్తుకోనొచ్చి, స్వామీ, మా చేన్లు తొక్కుతాండాది, యాడిది ఆడ పెట్టెయ్ అని కాళ్లు పట్టుకున్యారు. పాపం గదా అని నేనే వెనక్కి తోసి వస్తి."

అందరికన్నా ఆఖరున శశికళ పడవలో నుంచి దిగింది. ఆమెను చూసి జనం పక్కకు జరిగారు. జరగకపోతే ఆమె పట్టదు. చీర మీద నడుం చుట్టూ గాలి నింపిన ట్రాక్టర్ ట్యూబు, అది జారకుండా రెండు భుజాల మీది నుంచీ నులక తాడు.

"ఏమ్మా శశికళా, ఏమిదీ?" అన్నాడు మునియప్ప.

"ఇది నా ఖర్మ మామా," శశికళ తాడు ముడి విప్పుకోలేక అవస్థ పడుతూ అంది. "ఇంట్లోనే కట్టి, పైన శాలువ కప్పి పంపిచ్చినాడు. శాలువ గాలికి ఎగిరిపాయె. ఎక్కేటప్పుడు చెవిలో చెప్పినాడు: ఎర్ర రంగు పక్కకు పోవద్దు, చివర కాలు సరిగా పట్టుకున్యట్ల లేదు, నీవు నడుమన కూర్చోని యాడికీ కదలొద్దు అని. అందరూ కొంగల్ని చూస్తాంటే నేనొక్కదాన్నే కదలకుండా కూర్చుంటి."

నాగేశ్ మెల్లగా తిరిగి రెయిలింగు చివర కాలు వైపు చూశాడు.

"అది... అదేం లేదబ్బా," ఆంజనేయప్ప నవ్వబోయాడు. "ట్యూబులో యాడో పంచరుండాది. నీళ్లలో పెట్టి చూస్తే గదా బుడగలు కనబడేది? ఎట్లా నీళ్ల మీదికి పోతాంది గదా అని ఆమెకు కట్టి పంపిస్తి."

గట్టంతా గొల్లుమంది. గిరీశ్ నవ్వలేక కింద కూర్చున్నాడు. శశికళకు కూడా నవ్వాగలేదు. నేత్ర అందరికన్నా గట్టిగా నవ్వింది.

హనుమక్క నవ్వలేదు. ఆమె చీర మోకాళ్ల దాకా తడిసి కాళ్లకు అంటుకుంది. పిల్ల రెక్క పట్టుకునే ఆంజనేయప్ప ఎదురుగా వచ్చి నిలబడింది.

"కొండను లాగిన రెయిలింగు నీ పెండ్లానికి చాల్లేదు," అంది. "మా నేత్రకు చాలిందా అప్పా?"

ఆంజనేయప్ప నోరు తెరిచాడు. హనుమక్క ఎదురుచూసింది. జనం కూడా ఎదురుచూశారు. ఆయన నోరు మూసుకుని, టీ గ్లాసు బెంచీ మీద పెట్టి, కట్ట దిగి తన బండి దగ్గరికి పోయి వెల్డింగు మిషను దించసాగాడు.

ఆ పొద్దు రెండో ట్రిప్పు పోలేదు.