తాళంచెవి నా జేబులో ఉంది

పాస్టరుగారికి, సంఘ పెద్దలకు, మా వర్క్‌షాపు ఓనరుగారికి, బాబాయి పనిచేసిన భవనాల నుంచి వచ్చిన మీ అందరికీ వందనాలు. ముందు వరుసలో కూర్చున్న పిన్నికి, ఆమె కూతురు మా చెల్లెలికి ఏం చెప్పాలో నాకు తెలియదు. గురువారం మధ్యాహ్నం నుంచీ తెలియడం లేదు. ముప్పై ఏళ్ళుగా ఆదివారం ఆదివారం ఈ తలుపు దగ్గర నిలబడి మనందరితో చేయి కలిపిన లిఫ్టు మెకానిక్కు, మా బాబాయి, ఈ ఆదివారం అక్కడ లేడు. ఆయన కింద పదకొండేళ్ళు పనిచేశాను కాబట్టి నన్ను మాట్లాడమన్నారు. సరేనన్నాను. అన్న దగ్గర్నుంచి భయం. ఎందుకో చివర్లో చెబుతాను. చెప్పకుండా దిగిపోతే దయచేసి ఎవరైనా నన్ను ఆపండి.

ఆయన్ని మేం "చిత్తమైతే బాబాయి" అనేవాళ్ళం. వెనకాల కాదు, ముఖం మీదే. రేపు పదింటికి వస్తావా అంటే, "ప్రభువు చిత్తమైతే" అనేవాడు. టీ తాగుతావా అన్నా అదే మాట. ఒకసారి మా వెల్డరు ఉడుక్కుని, నీ టీ గురించి కూడా ఆయన్ని అడగాలా అన్నాడు. "నా షుగరు సంగతి నాకంటే ఆయనకే బాగా తెలుసు" అన్నాడు బాబాయి, చక్కెర లేని గ్లాసు అందుకుంటూ. నవ్వండి, పరవాలేదు. నవ్వితే ఆయనకి ఇష్టమే.

కానీ అన్నలారా, అక్కలారా, అది ఆయనకి ఊతపదం కాదు. ప్రతి ఉదయం, ఆ రోజు చూడాల్సిన లిఫ్టుల జాబితా పెన్సిలుతో రాసేవాడు. నూనె మరకల బల్ల మీద పెట్టి, ఒక్కొక్క చిరునామా పైకి చదివేవాడు. "ఇది నేను అనుకున్నది. మార్చాల్సింది ఉంటే మార్చు" అనేవాడు. అంతే ప్రార్థన. తర్వాత ఎవరైనా కంగారుగా ఫోను చేస్తే, రబ్బరుతో పైన ఉన్నది చెరిపి, వాళ్ళ చిరునామా రాసేవాడు. విసుక్కునేవాడు కాదు. నేను విసుక్కునేవాణ్ణి.

నేను పనిలో చేరిన మొదటి నెల. లిఫ్టు కింద ఉండే గుంతలోకి దిగే ముందు, పైన మెషిన్ గదిలో కరెంటు ఆపి, ఆ స్విచ్చికి మా సొంత తాళం వేసి, చెవి జేబులో పెట్టుకోవాలి. మేం బయటికి వచ్చేదాకా ఎవరూ లిఫ్టును కదిలించలేరు. వేసినవాడే తీయాలి. అది మా పద్ధతి. ఆ రోజు తాళం మరిచిపోయి దిగాను. అడిగితే, ప్రార్థన చేసుకునే దిగానుగా బాబాయ్ అన్నాను. చెంప పగలగొట్టాడు. అవును, ఈయనే. కొట్టాక అన్నాడు: "తాళం వేసి ప్రార్థన చెయ్యి. ప్రార్థన చేశానని తాళం మానెయ్యకు. నువ్వు బతకాలన్నది ఆయన చిత్తమని నీకు ముందే తెలుసు కదరా, మళ్ళీ కొత్తగా ఏం అడుగుతున్నావ్?"

బుద్ధి వచ్చిందా? రాలేదు. తర్వాత నాలుగేళ్ళకి వేరే ఊళ్ళో పెద్ద కంపెనీవాళ్ళు ఉద్యోగానికి పిలిచారు. వెళ్ళాలా, వద్దా? మనలో చాలామంది చేసే పనే చేశాను. రెండు చీటీలు రాసి, బైబిల్లో పెట్టి, ప్రార్థించి, ఒకటి తీశాను. వద్దు అని వచ్చింది. నచ్చలేదు. మళ్ళీ తీశాను. మూడోసారికి వెళ్ళు అని వస్తే, స్తోత్రం అని కేక పెట్టాను. బాబాయి నవ్వలేదు. "నీ మాట దేవుడి నోట్లో పెట్టి, ఆయనే అన్నాడంటావేంట్రా? ఆ చోటు చూసొచ్చావా? నీ భార్యని అడిగావా?" అన్నాడు. వెళ్ళి చూశాను. అక్కడ తాళాలు లేకుండానే గుంతల్లోకి దింపుతున్నారు. వెనక్కి వచ్చేశాను.

ఇక నేను భయపడుతున్న చోటికి వచ్చాను. పిన్నీ, నన్ను క్షమించు.

బాబాయి ఆఖరిగా వెళ్ళిన ఏడంతస్తుల భవనంలో లిఫ్టు పోయిన నెల చూడాల్సింది నేను. ఆ రోజు నా జాబితాలో పన్నెండు లిఫ్టులు. పొద్దున బాగా ప్రార్థన చేసుకున్నాను. దారిలో ఒక్క ట్రాఫిక్ లైటూ నన్ను ఆపలేదు. ప్రతిచోటా వాచ్‌మన్ ఎదురొచ్చి తలుపు తీశాడు. ప్రభువు ఈ రోజు నా దారి సరాళం చేశాడనుకున్నాను. మనసంతా నెమ్మది. ఆ నెమ్మదిలో, లిఫ్టును జారకుండా పట్టి ఉంచే బ్రేకు మూత విప్పకుండానే, "బ్రేకు బాగుంది" అని రాసి సంతకం పెట్టాను. విప్పితే ఇరవై నిమిషాలు. ఇరవై నిమిషాలే!

గురువారం ఆ భవనం ఐదో అంతస్తు టీచరమ్మగారు ఫోను చేశారు. లిఫ్టు ఆగాక జానెడు కిందికి జారుతోందని. బాబాయి జాబితా చెరిపి బయల్దేరాడు. పైన కరెంటు ఆపి, తాళం వేసి, కింద బోర్డు పెట్టడానికి మెట్లు దిగుతూ ఐదో అంతస్తు దగ్గర కూర్చుండిపోయాడు. టీచరమ్మగారు మంచినీళ్ళు ఇచ్చారు. "ఆ తాళం ఎవరినీ తియ్యనివ్వకండమ్మా" అన్నాడట. అదే ఆఖరి మాట. ఇంట్లో ఉన్నా ఆ గుండె ఆగేదేనని డాక్టరు అన్నాడు. నిజమేనా? నన్ను ఓదార్చడానికి అన్నాడా? నాకు తెలియదు. బతికున్నంతకాలం తెలియదు.

తాళంచెవి ఆయన చొక్కా జేబులో దొరికితే పిన్ని నా చేతిలో పెట్టింది. వేసినవాడు లేడు. తీయాల్సింది నేనే. రేపు పొద్దున్నే తీయమని భవనం కార్యదర్శిగారు అడుగుతున్నారు. వారిని తప్పు పట్టను, పై అంతస్తుల్లో నడవలేనివాళ్ళు ఉన్నారు. ఓనరుగారూ తీయమన్నారు. కాగితం మీద బ్రేకు బాగానే ఉంది కదా, నా సంతకం ఉంది కదా. నిన్న మన సంఘంలోనే ఒక అన్న, మంచి మనసుతోనే, ప్రార్థన చేసుకో, నెమ్మది దొరికితే తీసెయ్ అన్నాడు. అన్నా, నీకు దండం పెడతాను. ఆ నెమ్మది నాకు పోయిన నెలే దొరికింది.

మూడు రోజులుగా మోకాళ్ళ మీద ఉన్నాను. దేవా, నీ చిత్తమేమిటో చెప్పు, చెప్పు అని. ఆయన పలకడం లేదనుకున్నాను. ఇందాక ఈ హాల్లో కుర్చీలు వేస్తుంటే అర్థమైంది. నేను అడుగుతున్నది ఆయన చిత్తం కాదు, తప్పించుకునే దారి. పని పోతుందని భయం. చెల్లెలు ఇక నా ముఖం చూడదని భయం. ఆ భయం ఇప్పుడూ ఉంది.

కార్యదర్శిగారూ, ఓనరుగారూ, ఆ సంతకం అబద్ధం. ఆ బ్రేకు నేను చూడలేదు. రేపు తాళం తీయను. తాళం అలాగే ఉంచి బ్రేకు విప్పుతాను. నా పక్కన ఇంకో మెకానిక్కుని నిలబెట్టండి, నా ఒక్కడి మాట నమ్మకండి. అది బాగయ్యేదాకా లిఫ్టు కదలదు. నడవలేనివాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి మేమే మోస్తాం. రేపటికి నేను ఉంటానా అన్నది ప్రభువు చిత్తం. ఉంటే ఏం చెయ్యాలన్నది మాత్రం నాకు ముందే తెలుసు.

ఇక లేవండి. అందరూ లేచి రెండు నిమిషాలు మౌనంగా నిలబడదాం. కాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు కూర్చునే ఉండండి, బాబాయి ఏమీ అనుకోడు. ఈ రెండు నిమిషాలూ నేను దేవుణ్ణి ఏ సూచనా అడగను. చెవి నా జేబులో ఉంది. దాని మీద చెయ్యి పెట్టుకుని నిలబడతాను. లేవండి.